ఆఫీసులో మాట, మెయిలు, మీటింగు: విశాఖ బీకామ్, బీబీఏ, ఎంబీఏ విద్యార్థులకు ఎనిమిది వారాల సాధన

సమ్మర్ ప్రాజెక్టుకి వెళ్లిన విద్యార్థిని మేనేజరు "ఆ స్టేట్‌మెంట్ ఎంతవరకు వచ్చింది?" అని అడుగుతారు. "అయిపోతుంది సర్" అని జవాబు వస్తుంది. అందులో వినయం ఉంది కానీ సమాచారం లేదు. ఎంత అయింది, ఎంత మిగిలింది, ఎప్పటికి చేతికొస్తుంది అన్నవి ఆయన మళ్లీ అడగాల్సిందే. రెండోసారి అడిగించుకున్న ట్రైనీకి మూడోసారి ముఖ్యమైన పని అప్పగించరు.

కమ్యూనికేషన్ స్కిల్స్ అనగానే మనవాళ్లు ద్వారకానగర్‌లో స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డు వెతుక్కుంటూ వెళ్తారు. ఇంగ్లీషు కావాలి, కాదనలేం. అయితే ఇంగ్లీషు తప్పుల వల్ల ఆగిపోయే పనులు ఆఫీసులో తక్కువ. ఎవరు చేయాలి, ఏది చేయాలి, ఎప్పటిలోగా చేయాలి అన్నది తేలక ఆగిపోయేవే ఎక్కువ. ఈ మూడూ లేని వాక్యం ఎంత చక్కటి ఇంగ్లీషులో ఉన్నా చేతకాని వాక్యమే. కింద చెప్పే సాధన అంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. రోజుకి 40 నిమిషాలు, వారానికి ఐదు రోజులు చాలు. ఒక రూళ్ల నోటుపుస్తకం, ఫోను, మొహమాటం లేకుండా తప్పు చెప్పే స్నేహితుడు ఒకరు ఉండాలి. మూడోదే దొరకడం కష్టం.

మొదటి వారం: ముందు కొలుచుకోండి

ఫోన్‌లో రికార్డర్ పెట్టి, ముందుగా ఏమీ రాసుకోకుండా, నిన్న మీరు చేసిన ఒక పని గురించి రెండు నిమిషాలు మాట్లాడండి. ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంగ్లీషులో. తలుపు వేసి, ఫ్యాను ఆపి చేయండి. బీచ్ రోడ్డు మీద నడుస్తూ చేస్తే గాలి హోరు తప్ప ఏమీ వినపడదు.

తర్వాత విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టండి. "అంటే", "యాక్చువల్లీ", "సో" అన్నవీ వదలకండి. ఇది విసుగు పని, గంట పడుతుంది, కానీ దీనికి అడ్డదారి లేదు. రాసింది ముందు పెట్టుకుని రెండు లెక్కలు తీయండి. ఊతపదాలు ఎన్ని వచ్చాయి? అసలు విషయం ఎన్నో సెకనులో వచ్చింది? ఊతపదాల గురించి బెంగ పెట్టుకోకండి, అవి వాటంతటవే తగ్గుతాయి. రెండో లెక్క మాత్రం ముఖ్యం. చాలామందికి అసలు సంగతి 60 సెకన్లు దాటాకగానీ రాదు, ఎందుకంటే జరిగిన వరుసలోనే చెప్పుకొస్తారు: పొద్దున్న వెళ్లాం, సర్ లేరు, తర్వాత వచ్చారు, అప్పుడు చూస్తే ఫైలు లేదు... ఇంట్లో కబుర్లకి ఆ వరుస బాగుంటుంది. ఆఫీసులో మాత్రం "ఫైలు దొరకలేదు" అన్నది ముందు రావాలి.

అదే వారంలో, ప్రాజెక్టు గ్రూపులోనో ఫెస్ట్ కమిటీ గ్రూపులోనో మీరు పంపిన చివరి 20 పనికి సంబంధించిన మెసేజ్‌లు తీసి, ఒక్కోదాని పక్కన మూడు గడులు గీయండి: ఎవరు, ఏది, ఎప్పుడు. ఉన్నదానికి టిక్కు పెట్టండి. 60 టిక్కులకి మీకెన్ని వచ్చాయో తేదీ వేసి పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. ఎనిమిదో వారంలో దీనితో పని ఉంది.

రెండో వారం: "చూస్తాను" అన్నదాన్ని తేదీగా మార్చడం

ఈ వారమంతా ఒకటే అలవాటు. పని ఎంతవరకు వచ్చిందని ఎవరడిగినా అయింది, మిగిలింది, అడ్డు అనే వరుసలో 20 సెకన్లలో చెప్పాలి. "అయిపోతుంది సర్" బదులు:

"32 బిల్లుల్లో 21 ఎక్కించాను సర్. మిగతా 11 రేపు పొద్దున్న పదకొండింటికల్లా ఇస్తాను. రెండు బిల్లుల మీద జీఎస్టీ నంబరు లేదు, స్టోర్స్‌ని అడిగాను."

ఇదంతా తెలుగే, ఇందులో గొప్ప పదం ఒక్కటీ లేదు. విన్నాయనకి మరో ప్రశ్న అవసరం పడలేదు. పైగా స్టోర్స్‌కి ఫోన్ చేసి ఆ రెండు నంబర్లూ తెప్పించాలా వద్దా అని నిర్ణయించుకునే వీలూ దొరికింది.

మన మర్యాదల్లోంచి పుట్టే చిక్కు ఇక్కడొకటి ఉంది. పెద్దవాళ్ల ముందు "కుదరదు" అనడం మనకి అలవాటు లేదు. "అలాగేనండి" అంటాం. మన లెక్కలో దానికి "విన్నాను" అని అర్థం, మేనేజరు లెక్కలో "చేస్తాను" అని అర్థం. ఈ రెండింటి మధ్య పడి పని మునుగుతుంది. కుదరదు అని మొహం మీద చెప్పక్కర్లేదు, ఎంపిక ఆయనకే ఇవ్వండి: "ఇది ఇవాళ మొదలుపెడితే బ్యాంకు రికన్సిలియేషన్ రేపటికి వాయిదా పడుతుంది సర్. ఏది ముందు చేయమంటారు?" మర్యాద చెడదు, నిజమూ చెప్పినట్టవుతుంది.

కాలం చెప్పే మాటలు విడిగా సాధన చేయండి, మోసమంతా వాటిలోనే ఉంది. "సాయంత్రానికి" అంటే గుమస్తాకి 5, రుషికొండ ఐటీ ఆఫీసులో కుర్రాడికి రాత్రి 9. "ఈవోడీ" (ఎండ్ ఆఫ్ డే) కూడా అంతే, ఎవరి రోజు ముగియాలి? "నెక్స్ట్ ఫ్రైడే" అంటే ఈ శుక్రవారమా, పై శుక్రవారమా? 05/06 అని రాస్తే మనకి జూన్ 5, అమెరికా క్లయింటుకి మే 6. వారం పేరు, తేదీ, నెల అక్షరాల్లో, గంట, ఈ నాలుగూ రాస్తే గొడవే ఉండదు. అమెరికా తూర్పు తీరం వాళ్లతో కాల్ ఉంటే ఇంకో మెలిక: మన సాయంత్రం 6:30 అంటే వాళ్లకి వేసవిలో ఉదయం 9, చలికాలంలో ఉదయం 8. వాళ్లు మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం గడియారం మారుస్తారు, మనం మార్చం. ఆ రెండు వారాల్లో ప్రతి ఆహ్వానాన్నీ మళ్లీ సరిచూసుకోవాలి.

మూడు, నాలుగు వారాలు: మెయిలు

రెండు వారాలు దీనికే ఎందుకంటే, మెయిలు నిలిచిపోతుంది. ఆరు నెలల తర్వాత గొడవొస్తే తీసి చూపించేది అదే.

విశాఖలో పోర్టు చుట్టూ ఉన్న, ఎగుమతి దిగుమతుల కాగితాలూ రవాణా చూసే క్లియరింగ్ అండ్ ఫార్వర్డింగ్ ఆఫీసుల్లో రోజూ జరిగే ఒక సంగతి తీసుకుందాం. రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీ కాగితాలు పంపింది. ఇన్వాయిస్‌లో నికర బరువు 17,820 కిలోలు. ప్యాకింగ్ లిస్టులో 1,728 కార్టన్లు, ఒక్కోటి 10 కిలోలు, అంటే 17,280. తేడా 540. తేడా తొమ్మిదితో శేషం లేకుండా భాగించబడితే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో చూడమని అకౌంట్స్‌లో తలపండినవాళ్లు చెబుతారు. ఇక్కడ జరిగిందీ అదే, 2, 8 అటూఇటూ అయ్యాయి. ట్రైనీ ఆ కంపెనీకి మెయిలు పెట్టాలి. సాధారణంగా వెళ్లే మెయిలు ఇలా ఉంటుంది:

"డియర్ సర్, విత్ రెఫరెన్స్ టు ద ఎబౌ సబ్జెక్ట్, దేర్ ఈజ్ సమ్ మిస్‌మ్యాచ్ ఇన్ ద డాక్యుమెంట్స్. కైండ్లీ చెక్ అండ్ డూ ద నీడ్‌ఫుల్ ఎట్ ది ఎర్లియస్ట్."

వ్యాకరణం ప్రకారం వంక పెట్టడానికేమీ లేదు. కానీ అవతలి మనిషి స్థానంలో కూర్చుని చదవండి. ఏ డాక్యుమెంటు? ఏ గడిలో తేడా? ఏది సరైనదని మీరనుకుంటున్నారు? "నీడ్‌ఫుల్" అంటే కొత్త ఇన్వాయిస్ పంపాలా, ఫోన్ చేయాలా? "ఎర్లియస్ట్" అంటే ఇవాళా, ఎల్లుండా? ఆయన ముందు 60 మెయిళ్లున్నాయి. తేలిగ్గా అర్థమయ్యేవి ముందు తెరుస్తాడు, ఇది అడుగుకి పోతుంది. అదే మెయిలు పనిచేసే రూపంలో:

సబ్జెక్టు: రొయ్యల కంటైనర్ – ఇన్వాయిస్ బరువు సవరణ – ఈ రోజు సాయంత్రం 4 లోపు

నమస్కారం సర్,

మీ ఇన్వాయిస్‌లో నికర బరువు సరిచేసి ఈ రోజు, బుధవారం 18 జూన్, సాయంత్రం 4 గంటల్లోపు పంపగలరు.

ఇన్వాయిస్‌లో 17,820 కిలోలని ఉంది. ప్యాకింగ్ లిస్టు ప్రకారం 1,728 కార్టన్లు, ఒక్కోటి 10 కిలోలు, మొత్తం 17,280 కిలోలు. ఈ రెండూ కలిసేదాకా షిప్పింగ్ బిల్లు వేయలేం.

ఓడకి గేట్ కటాఫ్ రేపు, గురువారం 19 జూన్, సాయంత్రం 6. సవరణ ఆలస్యమైతే ఈ ఓడ తప్పిపోవచ్చు.

జత చేసినవి: తేడా ఉన్నచోట గుర్తు పెట్టిన ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు.

(షిప్పింగ్ బిల్లు అంటే ఎగుమతికి కస్టమ్స్‌లో దాఖలు చేసే పత్రం. గేట్ కటాఫ్ అంటే ఆ ఓడకి వెళ్లే కంటైనర్ పోర్టు గేటు దాటాల్సిన ఆఖరి గడువు.) ఇంగ్లీషులో పంపినా వరుస ఇదే. మొదటి వాక్యంలో అడిగేది, రెండో పేరాలో కారణం అంకెలతో, మూడో పేరాలో చేయకపోతే ఏమవుతుందో. పలకరింపు పేరాలు, "హోప్ దిస్ మెయిల్ ఫైండ్స్ యూ వెల్" లాంటివి తీసేయండి. ఫోన్ తెర మీద మెయిలు తెరవకుండానే సబ్జెక్టు, మొదటి వాక్యం కనిపిస్తాయి. చాలామంది చదివేది అంతే.

సాధన: రోజుకి రెండు మెయిళ్లు, ఒక్కోటి 120 పదాలు మించకుండా. విషయం మీరే కల్పించుకోండి: సెలవు అడగడం, బిల్లు బాకీ గుర్తు చేయడం, ఇంటర్వ్యూ తేదీ మార్చమనడం, కొటేషన్ అడగడం. రాసింది ఆ సంగతేమీ తెలియనివాళ్లకి, ఇంట్లో అక్కకో తమ్ముడికో చూపించి, "ఇది నీకొస్తే ఇప్పుడేం చేస్తావ్?" అని అడగండి. "బాగుంది" అంటే లెక్కలోకి రాదు. "నాలుగు లోపు ఇన్వాయిస్ మార్చి పంపాలి" అంటే మెయిలు పాసైనట్టు.

మెయిలు రాసే క్రమం కూడా తిరగేయాలి. ముందు ఫైలు జతచేయండి, తర్వాత విషయం, తర్వాత సబ్జెక్టు, చివర్లో చిరునామా. అడ్రసు ముందే నింపితే సగం రాసిన మెయిలు పొరపాటున ఎగిరిపోతుంది, ఫైలు చివరికి వదిలితే మర్చిపోతాం. ఫైలు పేరు "ఫైనల్ ఫైనల్ 2" అని ఉండకూడదు. కంపెనీ, కాగితం, తేదీ ఉండాలి. "టు"లో పని చేయాల్సినవాళ్లు, "సీసీ"లో తెలిస్తే చాలనేవాళ్లు. టులో ఐదుగురిని పెడితే ఐదుగురూ మిగతా నలుగురు చూసుకుంటారనుకుంటారు. మేనేజరుని సీసీలో పెట్టడం మన ఆఫీసుల్లో చాడీ చెప్పినట్టు లెక్క, మొదటి మెయిలుకే ఆ పని చేయకండి. జవాబు రాక రెండోసారి గుర్తు చేసేటప్పుడు, అదీ మేనేజరుకి ముందే చెప్పి, చేర్చండి.

మనకి అలవాటైపోయి బయటివాళ్లకి అర్థంకాని ఇంగ్లీషు మాటలు కొన్ని ఉన్నాయి. "రివర్ట్" అంటే మనకి జవాబివ్వడం, విదేశీ క్లయింటుకి పాత స్థితికి తిరిగివెళ్లడం. "ఐ హావ్ ఎ డౌట్" అంటే వాళ్లకి మీ మాట నమ్మలేదన్నట్టు వినపడుతుంది, "క్వశ్చన్" అనండి. "ప్రీపోన్", "ఔట్ ఆఫ్ స్టేషన్" ఇక్కడి ఆఫీసుల్లో నిక్షేపంగా నడుస్తాయి, సముద్రం దాటితే నడవవు. సొమ్ము రాసేటప్పుడు 12,50,000 అని మన కామాలు పెడితే విదేశీ కన్ను తడబడుతుంది, వాళ్లకి 1,250,000. పది లక్షలు ఒక మిలియన్, కోటి అంటే పది మిలియన్లు. ఇది కళ్లు మూసుకుని చెప్పగలగాలి.

ఐదో వారం: ఫోను

ఫోన్ చేసేముందు కాగితం మీద మూడు ముక్కలు రాసుకోండి: నేనెవరు, ఎందుకు, ఏం కావాలి. కంటైనర్ నంబరో ఇన్వాయిస్ నంబరో కళ్ల ముందు పెట్టుకున్నాకే డయల్ చేయండి. "ఒక్క నిమిషం సర్, చూసి చెప్తాను" అని లైన్లో వెతకడం మొదలుపెడితే, అవతలాయన మిమ్మల్ని గుర్తుపెట్టుకునేది ఆ వెతుకులాటతోనే.

ఎత్తగానే: "నమస్కారమండి, ఫలానా కంపెనీ అకౌంట్స్ నుంచి ఫలానా పేరు. రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?" ఆ చివరి ప్రశ్న చాలామంది వదిలేస్తారు. అవతలాయన యార్డులో ట్రైలర్ పక్కన నిలబడి ఉంటే మీరు చెప్పిందేదీ ఆయన చెవికెక్కదు.

ఫోన్‌లో అసలు నష్టం అంకెల దగ్గర, అక్షరాల దగ్గర జరుగుతుంది. కంటైనర్ నంబరులో 4 అక్షరాలు, 7 అంకెలు ఉంటాయి, ఆఖరి అంకె మిగతా పదింటినీ సరిచూసే తనిఖీ అంకె. ఫోన్‌లో బి, డి, ఇ, పి, టి, వి అన్నీ ఒకేలా మోగుతాయి. అందుకే "బి ఫర్ బాంబే, డి ఫర్ ఢిల్లీ, వి ఫర్ వైజాగ్" అంటూ చెప్పడం. ఫిఫ్టీన్, ఫిఫ్టీ కలిసిపోతాయి కాబట్టి "వన్ ఫైవ్", "ఫైవ్ జీరో" అని విడదీయండి. తెలుగులో డెబ్బై, తొంభై కూడా చప్పుడులో తారుమారవుతాయి.

అవతలివాళ్లు చెప్పిందాన్ని మీరు తిరిగి చెప్పాలి. "సరేనండి" అని పెట్టేయకూడదు. "అంటే, సవరించిన ఇన్వాయిస్ 4 లోపు మెయిలు చేస్తారు, బరువు ఒకటి ఏడు రెండు ఎనిమిది సున్నా, అంతేనా అండి?" దీనికి ఎనిమిది సెకన్లు పడుతుంది. ఫోన్ పెట్టాక ఐదు నిమిషాల్లో అదే సంగతి రెండు లైన్ల మెయిలుగా పంపండి: "ఇప్పుడు ఫోన్‌లో అనుకున్నట్టు..." సాధనకి ఇద్దరు కూర్చోండి, వీపులు ఆనించి, మొహాలు కనపడకుండా. ఒకరు పదకొండు గుర్తుల నంబరు చదవాలి, మరొకరు రాసి తిరిగి చెప్పాలి. పది నంబర్లకి పదీ సరిగ్గా వచ్చేదాకా. రెండోరోజు పక్కన టీవీ పెట్టి అదే చేయండి.

వాట్సాప్ గురించి క్లుప్తంగా చాలు. "హాయ్ సర్" అని పంపి జవాబు కోసం ఆగకండి, మొత్తం ఒకే మెసేజ్‌లో రాయండి. పని సంగతి వాయిస్ నోటుగా పంపితే తర్వాత వెతకలేరు. డబ్బు, ధర, ఆమోదం వాట్సాప్‌లో తేలినా మెయిల్లోకి ఎక్కించండి. రాత్రి 9 దాటాక పంపాల్సొస్తే "రేపు చూస్తే చాలు" అని చేర్చండి.

ఆరో వారం: మీటింగు

ట్రైనీకి మీటింగులో దొరికే మంచి అవకాశం మినిట్స్, అంటే మీటింగులో తేలినవి, రాయడం. దాన్ని గుమస్తా పని అనుకుని తప్పించుకునేవాళ్లు పొరపడుతున్నట్టే. మినిట్స్ రాసే మనిషికి "క్షమించండి, దీని బాధ్యత ఎవరిదని రాయమంటారు?" అని ఎంత పెద్దవాళ్లనైనా అడిగే హక్కు ఉంటుంది. గదిలో మిగతా జూనియర్లకి ఆ హక్కు లేదు.

పేజీని నిలువుగా మూడు గడులు చేయండి: నిర్ణయం, బాధ్యత, తేదీ. చర్చ అంతా రాయక్కర్లేదు. గంట మీటింగుకి పేజీ దాటకూడదు. బాధ్యత గడిలో ఒక్క పేరే ఉండాలి. "సేల్స్ టీమ్" అని రాస్తే ఎవరూ చేయరు. తేదీ గడి ఖాళీగా మిగిలితే మీటింగు ముగిసేలోపే అడిగి నింపాలి, లేచాక ఎవరూ దొరకరు. అదేరోజు, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లో పంపి, "ఏమైనా తేడా ఉంటే ఫలానా రోజులోగా చెప్పగలరు" అని చేర్చండి.

మాట్లాడటం విషయానికొస్తే, మొదటి పది నిమిషాల్లో ఒక్క ప్రశ్నయినా అడగండి, చిన్నదైనా పరవాలేదు. మౌనంగా గడిచే ప్రతి పది నిమిషాలకీ నోరు తెరవడం ఇంకాస్త కష్టమవుతుంది.

సాధనకి ముగ్గురు చాలు. ఫెస్ట్ బడ్జెట్ లాంటి నిజమైన విషయం మీద 15 నిమిషాలు మాట్లాడుకోండి, ముగ్గురూ విడివిడిగా మినిట్స్ రాయండి, తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. ముగ్గురికి మూడు నిర్ణయాలు కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

ఏడో వారం: సందేహం అడగడం, చెడువార్త చెప్పడం, పిలుపులు

సందేహం అడగడానికి 20 నిమిషాల నియమం పెట్టుకోండి. సొంతంగా 20 నిమిషాలు వెతకాలి, పాత ఫైలు తిరగేయాలి. అది దాటాక అడక్కుండా కూర్చుంటే తప్పు. అడిగే తీరు: "ఈ ఫ్రైట్ బిల్లు ఏ హెడ్‌లో వేయాలో తెలియలేదు మేడమ్. పోయిన నెల ఇలాంటిదే సెల్లింగ్ ఎక్స్‌పెన్సెస్‌లో ఉంది. ఇదీ అందులోనేనా?" ప్రయత్నం కనపడింది, జవాబు "అవును, కాదు"ల్లో తేలిపోతుంది. "మేడమ్, ఇది ఎలా చేయాలి?" అంటే మాత్రం ఆవిడ తన పని ఆపి మీ పని చేయాలి.

తప్పు జరిగితే తెలిసిన 15 నిమిషాల్లో చెప్పేయండి. ఆలస్యమయ్యేకొద్దీ సరిదిద్దే దారులు మూసుకుపోతాయి. బరువు తప్పని మధ్యాహ్నం తెలిస్తే ఫోన్‌తో పోతుంది, కటాఫ్ దాటాక తెలిస్తే ఓడ పోతుంది. వరుస: ఏం జరిగింది, దాని ప్రభావం ఎంత, నేనిప్పటికి ఏం చేశాను, మీరేం నిర్ణయించాలి. "క్షమించండి" ఒక్కసారి చాలు. కారణాలు అడిగితేనే. చెడువార్త మెయిల్లో మొదలుపెట్టకండి, ఎదురుగానో ఫోన్‌లోనో చెప్పి తర్వాత మెయిలు పెట్టండి.

పిలుపుల దగ్గర విశాఖ ఆఫీసులు ఒక్కోటి ఒక్కో లోకం. ఐటీ కంపెనీలో మేనేజరుని పేరు పెట్టి పిలవమంటారు, ఇబ్బందిగా ఉన్నా పిలవాలి. ప్రభుత్వరంగ సంస్థల్లో, పాత వ్యాపార సంస్థల్లో సర్, మేడమ్, లేదా పేరు పక్కన "గారు". లోడింగ్ సూపర్‌వైజరు, డ్రైవరు, స్టోర్ కీపరు మీకంటే చదువు తక్కువ అయినా "మీరు" అనే అనాలి. వాళ్లంతట వాళ్లు చనువిస్తే తప్ప మొదటి రోజే "అన్నా" అని అందుకోవద్దు. యార్డులో "ఏటండి, ఎలగ చేద్దాం" అని ఉత్తరాంధ్ర యాస వినపడుతుంది. ఆ యాసని అనుకరించి నవ్వితే ఆ మనిషి నుంచి మళ్లీ సమాచారం రాదు. మీది ఆ యాసే అయితే దాచుకోనక్కర్లేదు. వాళ్లతో మాట్లాడేటప్పుడు మీ ఇంగ్లీషు మాటల్ని తగ్గించండి. "డిస్పాచ్ షెడ్యూల్ రివైజ్ అయింది" అనే బదులు "బండి రేపు కాదండి, ఎల్లుండి పొద్దున్న ఆరింటికి" అంటే తిరిగి ఫోన్ రాదు.

ఎనిమిదో వారం: వెళ్లబోయే చోటుకి తగ్గట్టు

ఇక్కడ సాధన మీరు చేరబోయే ఆఫీసుని బట్టి మారాలి. పరవాడ ఫార్మా యూనిట్లలో అయితే, స్టోర్స్‌లో ఉన్నా పర్చేజ్‌లో ఉన్నా, రాయనిది జరగనట్టే లెక్క. రిజిస్టర్లో తప్పు రాస్తే వైట్‌నర్ పూయకూడదు, దిద్దకూడదు. పాత అంకె కనపడేలా ఒక్క అడ్డగీత, పక్కన సరైనది, సంతకం, తేదీ. పని చేసినప్పుడే రాయాలి, సాయంత్రం కూర్చుని గుర్తు తెచ్చుకుని నింపకూడదు. ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు లాంటి చోట్ల నోట్ షీట్ (ఫైలులో ఒక్కో అధికారీ తన అభిప్రాయం రాసి పైకి పంపే కాగితం) మీద ఫైలు నడుస్తుంది. నోట్ రాయడంలో వరుస వేరు: నేపథ్యం, నిబంధన, ప్రతిపాదన, ఆమోదం కోరడం. అక్కడ మొదటి వాక్యంలోనే అడిగేయడం కుదరదు. మెయిలు గురించి పైన చెప్పింది అక్కడ యథాతథంగా వాడబోయి చీవాట్లు తినకండి. షిఫ్టులున్న చోట, దిగే షిఫ్టు ఎక్కే షిఫ్టుకి పని అప్పగించే లాగ్‌బుక్ ఒకసారి అడిగి చదవండి. ఐదు లైన్లలో ఎంత చెప్పొచ్చో దాన్ని చూస్తే తెలుస్తుంది. బీచ్ రోడ్డు హోటళ్లలో మాట, మొహం, ఫోనే ముఖ్యం, మెయిలు తర్వాత.

ప్రజెంటేషన్ చేయాల్సొస్తే పది నిమిషాలకి ఆరు స్లైడ్లు మించొద్దు. ప్రతి స్లైడ్ శీర్షిక ఒక పూర్తి వాక్యంగా రాయండి. "అమ్మకాలు" అని కాదు, "రెండో త్రైమాసికంలో అమ్మకాలు తగ్గాయి" అని. మొదటి రెండు వాక్యాలు కంఠస్థం చేయండి, మిగతాది చేయకండి. కంఠస్థం చేసింది మధ్యలో తెగితే అతకదు.

చేరిన మొదటిరోజే పది ఫోన్ నంబర్లు నోటుపుస్తకంలో చేత్తో రాసుకోండి: మేనేజరు, అకౌంట్స్, స్టోర్స్, సెక్యూరిటీ గేటు, ముఖ్యమైన క్లయింట్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీద పడినప్పుడు కరెంటూ సెల్ సిగ్నళ్లూ పోయాయి. ఛార్జింగ్ అయిపోయిన ఫోన్‌లో ఉన్న నంబరు మరో ఫోన్ దొరికినా అక్కరకు రాదు.

చివరిగా, మొదటి వారం రికార్డింగు మళ్లీ చేయండి, అదే విషయం, అదే రెండు నిమిషాలు. ఈసారి వాచీ చూసి ఒక్కటే రాసుకోండి: అసలు సంగతి ఎన్నో సెకనులో వచ్చింది. 15 సెకన్లలోపు వస్తే సరే. ఇంకా 40 దగ్గరే ఉంటే రెండో వారం మళ్లీ మొదలుపెట్టండి, మిగతావి పక్కన పెట్టండి. ఆ తర్వాత కొత్తగా 20 మెసేజ్‌లు తీసి మూడు గడుల లెక్క వేసి, మొదటి పేజీలోని అంకె పక్కన ఈ అంకె రాయండి. టిక్కులు 45 దాటకపోతే తగ్గింది ఏ గడిలోనో చూడండి. చాలామందికి అది మూడో గడే అయి ఉంటుంది, "ఎప్పుడు".